మొగ దాటిన పరుగు

పరుగెత్తడం నాకు సరదా. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఆరోగ్యం కోసమని చెప్పేవాణ్ణి గానీ అది అబద్ధం. నాకు ఏ జబ్బూ లేదు, పరుగెత్తమని ఏ డాక్టరూ చెప్పలేదు. ట్రైనింగు స్కూల్లో చదివేటప్పుడు మైలు పందెంలో రెండోవాడిగా వచ్చి ఒక ఇత్తడి గ్లాసు గెలుచుకున్నాను. నా ఘనత అంతటితో సరి. అయినా తెల్లవారుజామున తడి ఇసుక మీద చెప్పుల్లేకుండా పరుగెత్తుతుంటే, ఊపిరి కుదురుకున్న తర్వాత ఒక హాయి పుట్టేది. ఆ హాయిలో నేను బడిపంతుల్ని కాను, మొగుణ్ణి కాను, ఇద్దరు పిల్లల తండ్రిని కాను. ఆ అరగంట దొరికితే మిగతా రోజంతా ఏ చాకిరీ చెప్పినా చేసేవాణ్ణి.

అరవయ్యో దశకం మొదట్లో సంగతి ఇది. జువ్వలదిన్నెకు కొద్ది మైళ్ళ దూరంలో, సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఒక చిన్న పల్లెలో నాకు ఎలిమెంటరీ స్కూలు ఉద్యోగం. నా భార్య కాన్పులు చేసే ప్రభుత్వ ఉద్యోగి. ఊళ్ళో అందరూ ఆమెను నర్సమ్మ అనేవారు. మొగుడికీ పెళ్ళానికీ ఒకే చోట పోస్టింగు దొరకడం ఆ రోజుల్లో మాటలు కాదు. అందుకని ఉప్పు బావినీ, గాలికి ఇసుక పడే అన్నాన్నీ ఏమీ అనకుండా సర్దుకున్నాం. బడి పక్కనే ఇల్లు, మట్టి గోడలు, పైన తాటాకు కప్పు. కూతురికి అప్పుడు నాలుగు నిండి ఐదోయేడు. కొడుక్కి ఏడాదిన్నర.

నేను పరుగెత్తడం మొదలుపెట్టిన రోజు పల్లె పల్లెంతా ఒడ్డుకు వచ్చింది. ఆ తీరాన మనిషి పరుగెత్తాడంటే పడవ తిరగబడిందని లెక్క. వేటకు పోయిన మొగవాళ్ళ భార్యలు చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చి నా ముఖం వంక చూశారు. ఏమీ లేదు, ఊరికే పరుగెత్తుతున్నానంటే నమ్మలేదు. తర్వాత అలవాటు పడ్డారు గానీ వెక్కిరించడం మానలేదు.

"ఎవురన్నా తరుముతుండారా అయ్యోరా?"

"తిన్నది అరగతా లేదేమోలే, పాపం."

వాళ్ళ మాటలకి నాకు కోపం వచ్చేది కాదు. కోపమంతా ఇంట్లో ఉండేది. కాన్పులు పగలు చూసుకొని రావు గదా. వారంలో రెండు మూడు రాత్రులు ఎవరో ఒకరు బండి కట్టుకొని వచ్చి తలుపు తట్టేవారు. నా భార్య పెట్టె తీసుకొని వెళ్ళిపోయేది. మళ్ళీ రావడం ఎప్పుడో ఆమె చేతిలో లేదు. ఆమె ఇంట్లో ఉన్న రోజు నేను నిశ్చింతగా పరుగుకు పోయేవాణ్ణి. లేని రోజు పిల్లల్ని ఎవరు చూస్తారు? మొదట్లో ఆ సమస్య లేదు. పక్కింటి పెద్దామె మా వసారాలో వచ్చి పడుకునేది. నేను పోయి వచ్చేదాకా పిల్లల్ని ఆమె కనిపెట్టుకొని ఉండేది.

మాఘమాసం చివర్లో ఆ పెద్దామె కావలిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళింది. నెలకు తిరిగొస్తానంది, రాలేదు. ఆ సంగతి నా భార్యకు నేను చెప్పలేదు. చెబితే ఆమె లేని రోజుల్లో పరుగు మానెయ్యమంటుంది. మానడం న్యాయం కూడాను. న్యాయమని తెలిసే చెప్పలేదు. పగలంతా ఆమె కాన్పులూ సూదులూ అంటూ పల్లెల వెంట తిరుగుతుంటే ఇరుగుపొరుగుల ఊసు తెలుసుకునే తీరిక ఆమెకు లేదు. ఒక సాయంత్రం అన్నాలు తింటుండగా అడిగింది.

"పెద్దామె రోజూ వస్తా ఉందా? అసలు కనపడనే లేదు."

"ఊఁ" అన్నాను, మజ్జిగ పోసుకుంటూ. కూతురు నా పక్కనే కూర్చుని తింటూంది.

మొదటిసారి పిల్లల్ని ఇంట్లో పెట్టి బయట తాళం వేసిన రోజు దాన్ని మూడుసార్లు లాగి చూసుకున్నాను. కిటికీ రెక్కలు మూశాను. నీళ్ళ గంగాళం మీద మూతపెట్టి దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టాను. లాంతరు ఆర్పాను. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను. పోయినంతసేపూ వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాను, పావుగంటకే వచ్చేశాను. తలుపు తీస్తే ఇద్దరూ చాప మీద కదలకుండా నిద్రపోతున్నారు. రెండోసారి తాళం లాగి చూసుకోలేదు. అయిదారుసార్లయ్యేసరికి అది కూడా ఒక పద్ధతి అయిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేనేనని ఆ రోజుల్లో ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పిల్లల మీద నాకు కోపం వచ్చేది. పిల్లవాడు తెల్లారుజామున ఏడిస్తే, ఈరోజు పరుగు పోయిందే అని ముందు తోచేది, వాడికేమైందో అని తర్వాత తోచేది. ఎత్తుకొని ఊపుతూ పళ్ళు కొరుక్కునేవాణ్ణి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, జరిగింది అదే.

మా పల్లెకు ఉత్తరంగా అర మైలు పోతే ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును మొగ అంటారు. నా పరుగు ఎప్పుడూ అక్కడితో ఆగేది. మొగకు అవతల మనుషులు లేరు, ఇళ్ళు లేవు. గట్టి ఇసుక తిన్నగా చూపు ఆనినంత దూరం పోతుంది. ఇవతలి ఒడ్డున నిలబడి రోజూ దానివంక ఆశగా చూసి వెనక్కి తిరిగేవాణ్ణి.

ఆ వేసవిలో ఒకనాడు చూద్దును గదా, మొగలో నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. దాటి అవతల కాసేపు పరుగెత్తి వచ్చాను. మర్నాడూ అంతే. అలా నాలుగు రోజులు వరసగా దాటాను. అయిదో రోజుకు మొగ నిండుగా ఉంది. ఆ తర్వాత వారం పాటు ఎప్పుడు చూసినా నిండుగానే ఉంది.

మాది కొడవలూరు పక్కన వరి పండించే కుటుంబం. నీళ్ళంటే మాకు కాలువ నీళ్ళు. నీళ్ళకు వంతు ఉంటుంది. నాలుగు రోజులు మన మడికి, తర్వాత వారం పై వాళ్ళ మడికి, మళ్ళీ మనకు. పుట్టినప్పటినుంచీ ఆ లెక్క బుర్రలో ఇంకిపోయి ఉంది. సముద్రం పక్కన ఏడాదిన్నర కాపురం చేసి కూడా, ఈ మొగకు కూడా అలాంటి వంతే ఏదో ఉందనుకున్నాను. నాలుగు రోజులు తగ్గుతుంది, వారం నిండుతుంది, మళ్ళీ తగ్గుతుంది. తగ్గిన రోజున అది తెల్లవార్లూ తగ్గే ఉంటుంది. పక్కనున్న పల్లెవాళ్ళని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పిల్లలకు పాఠం చెప్పేవాడు వేటగాళ్ళని అడగడమేమిటని అడగలేదు.

ఆ రోజు అమావాస్య. రాత్రి భోజనాల వేళకే కాలువ అవతలి ఊరినుంచి బండి వచ్చి నా భార్యను తీసుకుపోయింది. తొలి కాన్పు, ఆలస్యమవుతుందని చెప్పి వెళ్ళింది. తెల్లారగట్ల నాలుగున్నరకు లేచాను. లాంతరు ఆర్పబోతుంటే పిల్లవాడు కదిలాడు. ఆర్పితే చీకటికి లేచి ఏడుస్తాడు, ఏడిస్తే పరుగు పోతుంది. వత్తి బాగా తగ్గించి, లాంతరును గోడ పక్కన ట్రంకు పెట్టె మీద పెట్టాను. పైన తాటాకు కప్పు ఉందని గుర్తు లేకపోలేదు. అరగంటే గదా అనుకున్నాను. తాళం వేసి బయల్దేరాను.

మొగ దగ్గరికి వచ్చేసరికి చుక్కల వెలుతురులో నీళ్ళు తక్కువగా కనిపించాయి. దిగితే తొడల దాకా వచ్చాయి. మునుపటి కన్నా జానెడు ఎక్కువ. వంతు ఇప్పుడే మొదలైంది, ఇంకా తగ్గుతుందిలే అనుకొని దాటాను.

అవతలి ఇసుక మీద ఆ రోజు పరుగెత్తినట్టు నేను జన్మలో పరుగెత్తలేదు. గాలి వెనకనుంచి తోస్తూంది. కుడివైపు సముద్రం మీద తెలుపు మొదలై, ఎర్రబడి, నా కాళ్ళ కింద ఇసుక రంగు మారుతూ వచ్చింది. ఎండ్రకాయలు చప్పుడు లేకుండా బొరియల్లోకి జారుకుంటున్నాయి. అలుపు రాలేదు. ఇక్కడ తిరుగుదాం, కాదు ఆ దిబ్బ దగ్గర తిరుగుదాం అనుకుంటూ పోయాను. నవ్వొచ్చింది కూడా, ఒంటరిగా, పిచ్చివాడిలాగా. పొద్దు పైకి వచ్చాక గానీ ఎంత దూరం వచ్చానో తెలిసిరాలేదు. అప్పుడు ఇల్లు గుర్తుకొచ్చింది. ట్రంకు పెట్టె మీద లాంతరు గుర్తుకొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎదురైంది. మొగ దగ్గరికి వచ్చి ఆగాను. నేను దాటిన చోటు ఏదో ఆనవాలు పట్టలేకపోయాను. ఏరు రెండింతలు వెడల్పైంది. సముద్రం నీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికి పరుగెత్తుతున్నాయి. దిగితే పది అడుగుల్లో నడుము దాటాయి, ఇంకో రెండడుగుల్లో ఇసుక కాళ్ళ కిందనుంచి జారిపోయింది. ఎలాగో వెనక్కి పడి ఒడ్డు పట్టుకున్నాను.

అవతలి ఒడ్డున ఒక ముసలాయన వల ముందేసుకొని చిరుగులు అల్లుతున్నాడు. ఆయన కోడలు దారం పట్టుకొని పక్కన కూర్చుని ఉంది. వాళ్ళ వెనక ఒడ్డుమీద తెప్ప ఒకటి ఎండుతూంది. ఇద్దరినీ నేనెరుగుదును. ఆయన మనవడు నా బళ్ళోనే చదువుతున్నాడు. నోటి చుట్టూ చేతులు పెట్టి అరిచాను.

"పెద్దాయనా, ఆ తెప్ప వెయ్యి. తొందరగా ఇంటికి పోవాలి."

ఆయన తలెత్తి చూశాడు. అలల హోరులో సగం మాటలు వినపడ్డాయి, సగం వినపడలేదు. "ఈరోజు అమాస గదా అయ్యోరా. అమాస నాడు తెప్ప నీళ్ళు తాకకూడదు. ఊరి కట్టుబాటు. రెండు గంటలు అట్టే కూసో. నీళ్ళు తిరగబడతాయి."

"పని ఉంది పెద్దాయనా."

"పని యాడికి పోతాది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. ఇంట్లో ఏముందో చెబితే ఈ సాయంత్రానికి అది నా భార్య చెవిన పడుతుంది. నిజంగా చెబుతున్నాను, రెండు మూడు నిమిషాలు నోరు మూసుకొని నిలబడ్డాను. పల్లె వైపు కొబ్బరిచెట్ల పైన పొగ కనిపించింది. పొయ్యిల పొగో మరేదో తెలియలేదు. అప్పుడు ఇక ఆగలేకపోయాను.

"పిల్లలిద్దర్నీ ఇంట్లో పెట్టి తాళమేసి వచ్చినాను పెద్దాయనా. లోపల లాంతరు వెలుగుతా ఉంది. నర్సమ్మ లేదు."

ఈసారి ఆయన వల కింద పెట్టి లేచాడు. కోడలితో ఏదో చెప్పాడు. ఆమె కొంగు బిగించుకొని పల్లె వైపు బయల్దేరింది. పరుగెత్తలేదు, నడిచింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. పరుగెత్తమని అరిచాను. ముసలాయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఆ పిల్ల పరిగెత్తితే ఊరంతా గుండెలు బాదుకుంటా వస్తారు. నడవనీ."

ఆమె పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వాచీ ఇంట్లోనే ఉంది. నేను ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ, ఆ ఇంట్లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే తలచుకున్నాను. దోమతెర ఉంది. దండెం మీద చీరలు ఉన్నాయి. మూలన కిరసనాయిలు డబ్బా ఉంది. పిల్లవాడికి ట్రంకు పెట్టె మీదికి ఎక్కి నిలబడడం కొత్తగా వచ్చిన విద్య. ఏది కనపడినా అందుకొని లాగుతాడు. ఇంతకాలం ఆ విద్య చూసి మురిసిపోయాం.

ముసలాయన అటునుంచి మాట్లాడుతూనే ఉన్నాడు, నన్ను కుదురుగా ఉంచడానికి కాబోలు. "అమాస పోటు పెద్దది. మొగలోకి ఎట్ట దిగినావు నువ్వు?"

"ఈ నాలుగు రోజులూ వంతు అనుకున్నాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాడు. "కడలికి వంతేంది అయ్యోరా? అదేమన్నా మీ వరి కయ్య కాలవా? దినానికి రెండు గడియలు జరగతా పోతాది. తిథి చూసుకోవాల. మా పిలకాయలకు తెలుసే ఆ మాట."

వాళ్ళ పిలకాయలకు ఎక్కాలు రావని మొన్ననే వాళ్ళను కొట్టి ఉన్నాను. 

చివరికి ఆమె కనిపించింది. వట్టి చేతులతో వస్తూంది. దగ్గరికి వచ్చి మామకు చెప్పింది, ఆయన నాకు చెప్పలేదు. చెప్పమని అరిచాను. ఆమే గొంతెత్తి చెప్పింది.

"తాళం ఏసే ఉంది. తలుపు తట్టినా, పిలిచినా. పాపను పేరుబెట్టి పిలిచినా. లోపల ఎవురూ లేరు అయ్యోరా. అలికిడి లేదు."

"ఉండారు. పగలగొట్టాల్సింది."

"నర్సమ్మ ఇల్లు అది. సర్కారు మందులుంటాయి. తాళం నేనెట్ట పగలగొట్టేది?"

"వాసన ఏమన్నా వచ్చిందా? పొగ వాసన?"

"తెలీలా" అంది. తర్వాత తలవంచుకొని, "కిటికీలన్నీ మూసేసుండాయి" అంది.

ఏడాదిన్నర పిల్లవాడు, అయిదో ఏడు పిల్ల. బయట తలుపు దబదబా బాదుతుంటే ఇద్దరిలో ఒక్కరైనా ఏడవకుండా ఉంటారా? కిటికీలు మూసిన గదిలో దీపం పొగ కమ్ముకొని మనుషులు నిద్రలోనే పోతారని నా భార్యే ఒకసారి చెప్పింది. ఒక బాలింతరాలి గదిలో అలా జరిగిందని, కిటికీ ఎప్పుడూ ఓరగా తెరిచి ఉంచమని చెప్పింది. నేను కిటికీలు ఎందుకు మూశాను? ఏడుపు బయటికి వినపడకుండా మూశాను.

నీళ్ళలోకి దిగాను. ముసలాయన అరుస్తూనే ఉన్నాడు. బావిలో ఈత వచ్చు నాకు. ఆ ఈత కదలని నీళ్ళకు. నాలుగు బారలు వేసేసరికి ఎటు పోతున్నానో తెలియకుండా పోయింది. ఉప్పునీళ్ళు ముక్కులో, నోట్లో. తల పైకెత్తినప్పుడల్లా అవతలి ఒడ్డు పక్కకు జరిగిపోతూంది. చేతులు ఆడుతున్నాయి గానీ దూరం తగ్గడం లేదు.

తర్వాత వినపడిన మాట దగ్గరలోంచే వచ్చింది. "ఎదురీదబాక. నీళ్ళు ఎట్ట పోతే అట్టబో."

ముసలాయన వల తాడు నడుముకు కట్టుకొని, రెండో కొస కోడలి చేతికిచ్చి, తానే దిగి వచ్చాడు. ఆమె తాడును తెప్ప కట్టే గుంజకు ఒక చుట్టు చుట్టి, మడమలు ఇసుకలో తన్నిపెట్టి పట్టుకుంది. ఆయన నా జుట్టు పట్టుకున్నాడు. మర్యాద చూసే వేళ కాదు. ఏరు మమ్మల్నిద్దర్నీ లోపలికి ఈడ్చుకొనిపోయి, తాడు బిగిసిన చోట ఒడ్డువైపు తిప్పింది. మోకాళ్ళకు ఇసుక తగిలింది. ఆయన దగ్గుతూ, "కట్టుబాటు తెప్పకు గదా, మడిసికి లేదు" అన్నాడు. ఆయనకు దండం కూడా పెట్టలేదు నేను. లేచి పరుగెత్తాను.

ఆ అర మైలు నేను ఎలా పరుగెత్తానో నాకు గుర్తు లేదు. పల్లె ఆడవాళ్ళు బయటికి వచ్చారని, ఎవరి పడవ అని అడిగారని తర్వాత విన్నాను. గుర్తున్నదల్లా కప్పు మీద పొగ లేదని చూసుకోవడం, చూసుకున్నా గుండె నిమ్మళించకపోవడం. తాళంచెవి మొలతాడుకే ఉంది. తడి ముడి పడి రాలేదు. మొలతాడు తెంపేశాను. తాళంలో చెవి రెండుసార్లు తప్పింది.

లోపల చీకటి. కిరసనాయిలు అయిపోయి లాంతరు దానంతటదే ఆరిపోయింది. చిమ్నీ నల్లగా మాడి ఉంది. చాప మీద ఎవరూ లేరు. దండెం కింద, ధాన్యం కుండల వెనక, ఏదో కదిలింది.

మా అమ్మాయి గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకొని, రెండు కాళ్ళతో వాణ్ణి చుట్టేసి, పావడ అంచు ఉండ చేసి వాడి నోటికి అదిమి పట్టుకొని ఉంది. వాడి ముఖం కందగడ్డలా ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్ను చూసి కూడా ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు. నేను వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. వాడు గాలి పీల్చుకొని, పీల్చుకొని, అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు విని వాణ్ణి భుజాన వేసుకున్నాను.

"నేను పలకలేదు నాయనా" అంది అమ్మాయి. "ఎవురో తలుపు కొట్టినారు. పేరుబెట్టి పిలిచినారు. పలకలేదు. తమ్ముణ్ణి కూడా పలకనీలేదు."

"ఎందుకమ్మా?"

"పలికితే అమ్మకు చెప్తారు గదా. పక్కింటి అవ్వ రావడం లేదని."

వాణ్ణి ఊపుతూనే అడిగాను. "రోజూ మేలుకొనే ఉంటావా నువ్వు?"

"నువ్వు లేచినప్పుడే లేస్తాను. వాడు కూడా లేస్తాడు. ఏడవకుండా పట్టుకుంటా. నువ్వు వచ్చేటప్పుడు పడుకుంటాం."

"నన్ను పిలవచ్చు గదమ్మా."

ఆ పిల్ల నా వంక వింతగా చూసింది. "పిలిస్తే నువ్వు పోవు గదా నాయనా. పోకపోతే నీకు కోపం వస్తాది."

ఎనిమిదింటికి నా భార్య వచ్చింది. దారిలోనే ఆమెకు అంతా చెప్పేశారు. రాత్రంతా నిలబడి కాన్పు చేసిన మనిషి. పెట్టె కింద పెట్టి, చేతులు కడుక్కొని, పిల్లవాణ్ణి తీసుకుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు చూసినట్టు ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వాడి చెంప మీద నాలుగు చిన్న వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. వాటికి కొబ్బరినూనె రాసింది. నేను దాచిందంతా మొదటినుంచీ చెప్పుకున్నాను. విన్నదో లేదో తెలియదు. అరుస్తుందని, ఏడుస్తుందని ఎదురుచూశాను. రెండూ చెయ్యలేదు.

"ఇంకొక్క పది నిమిషాలు ఆలస్యమైతే ఈ పిల్లే వాణ్ణి చంపి ఉండేది" అంది, నూనె సీసాకు మూత పెడుతూ. "అది తెలుసా మీకు?"

తర్వాత చెయ్యి చాచింది. "తాళంచెవి ఇటివ్వండి."

ఇచ్చాను. ఆ సాయంత్రం ముసలాయన దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకున్నాను. ఆయన వల అల్లుతూనే, ఈత నేర్పిస్తాలే అయ్యోరా, తిథులు కూడా నేర్పిస్తా అన్నాడు. నవ్వబోయాను గానీ రాలేదు. పిల్లలు బడికి పోయే ఈడు వచ్చిన తర్వాత మళ్ళీ పరుగెత్తాను, సాయంత్రాలు, బడి వెనక మైదానంలో, ఇద్దరూ నా వెంటబడి అరుస్తుండగా. ఆ మధ్య కాలంలో మాత్రం ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. మానెయ్యమని నా భార్య ఎన్నడూ అనలేదు. ఆ నిర్ణయం మర్నాటి తెల్లవారుజామునే జరిగిపోయింది.

అలవాటు చొప్పున నాలుగున్నరకు మెలకువ వచ్చింది. నా భార్య అలసిపోయి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూంది. కిటికీ ఓరగా తెరిచి ఉంది, లాంతరు గుమ్మం బయట వసారాలో వెలుగుతూంది. నేను లేవలేదు. లేచే ఉద్దేశమూ లేదు. ఊరికే పక్కకు తిరిగాను, నులక మంచం కిర్రుమంది. కింద చాప మీద మా అమ్మాయి కళ్ళు మూసుకొనే ఉంది. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, చీకట్లో తడుముకుంటూ, తమ్ముడి నోటి మీద పెట్టింది.